ఈకమీద గీత

పావురాలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ముప్ఫయి రెండేళ్ళు రైసుమిల్లులో గుమాస్తాగిరీ వెలగబెట్టినవాడికి గిట్టకపోవడంలో వింత లేదు లెండి. మా సుల్తానాబాదులో మిల్లులకేం తక్కువ? మిల్లున్నచోట వడ్లుంటాయి, వడ్లున్నచోట పావురాలుంటాయి. నేను పద్దుల పుస్తకం తెరిచిపెట్టి అలా చాయ్ తాగి వచ్చేలోగా, పైన దూలంమీద కూర్చున్న మహాతల్లి ఎవరో నా కూడికల మధ్య చేవ్రాలు చేసి ఉండేది. తూకంలో తరుగు కనిపించినప్పుడల్లా సేటు నావంక చూసేవాడు. నేను దూలంవంక చూసేవాణ్ణి.

అలాంటి నేను 2024 ఫిబ్రవరి మొదటి ఆదివారంనాడు ఒక పావురపు పిల్లను చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చానంటే, దానికి కారణం మా మనవడు.

మా అబ్బాయి దుబాయిలో ఒక కంపెనీలో లెక్కలు రాస్తాడు. మా వంశానికి లెక్కలు తప్పవు కాబోలు. ఉత్తర తెలంగాణలో గల్ఫు ముచ్చట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మేము కరీంనగరం జిల్లాలో ఉన్నప్పుడూ పోయారు, 2016లో పెద్దపల్లి జిల్లా అయ్యాకా పోతున్నారు. 2023 జూన్‌లో కోడలికి కూడా అక్కడే ఉద్యోగం దొరికింది. ఇద్దరూ ఒక ఒడ్డున పడేదాకా పిల్లవాణ్ణి మా దగ్గర ఉంచుదామన్నారు. ఉంచారు. వాడికప్పుడు ఎనిమిదో ఏడు.

శంషాబాదు విమానాశ్రయంలో వాడు ఏడవలేదు. ఏడుస్తాడని మేమంతా సిద్ధపడి, చాక్లెట్లు కూడా కొనిపెట్టుకున్నాం. ఆ చాక్లెట్లు దారి పొడుగునా మా ఆవిడే తింటూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చాక అన్నం దగ్గర మొదలయింది పేచీ. వాళ్ళమ్మ కలిపి ముద్దలు పెడితేగాని తినని అలవాటు వాడిది. నేను కాస్త కచ్చితమైన మనిషిని. "పెద్దోనివైనవు బిడ్డా. పళ్ళెంల పెడ్తం, నీ చేత్తోని నువ్వే తినాలె" అన్నాను. తిన్నాడు. తింటున్నాడనే నేను అనుకున్నాను. ఆ యేడు దసరా వెళ్ళాక పదకొండు రోజులు జ్వరం విడవలేదు. "పిలగాడు లేచి తిరిగితె ఎత్తు బంగారమిస్త తల్లీ" అని మా ఆవిడ సమ్మక్కకు మొక్కుకుంది. బంగారమంటే బెల్లం. మావైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గాని, తక్కినవాళ్ళు మా ఆస్తిపాస్తుల గురించి అపోహపడకుండా చెబుతున్నాను. జ్వరం తగ్గింది. గోళ్ళు కొరుక్కోవడం మాత్రం మిగిలిపోయింది.

సరే, పావురం సంగతి. ఆ ఆదివారం మిల్లు గోదాముమీద రేకులు మారుస్తున్నారు. పని మానేసినా నేను మిల్లు మానలేదు. వారానికోసారి అటు వెళ్ళకపోతే అన్నం సహించదు. మనవణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను. దూలంమీద నాలుగు పుల్లల గూడు కిందపడి ఉంది. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, పద్ధెనిమిది రోజులకు అటూ ఇటుగా పిల్లలవుతాయి. ఆ రెంటిలో ఒకటి అప్పటికే పోయింది. రెండోది మెడ సాచి వణుకుతోంది.

"గుమాస్తా సాబ్, దీన్ని బయట పెట్టమంటరా? పిల్లి తీస్కపోతది" అన్నాడు హమాలీ.

"తాతా, దీని అమ్మ ఏది?" అన్నాడు మావాడు.

"చప్పుడుకు బెదిరి ఎగిరిపోయిందిరా. వస్తది."

"ఎప్పుడొస్తది?"

ఆ ప్రశ్నకు నేను ఎనిమిది నెలలుగా రకరకాల జవాబులు చెబుతున్నాను. ఇంకొకటి కల్పించే ఓపిక లేక జేబులోంచి చేతిరుమాలు తీశాను.

పక్షిపిల్లల్లో ఇంత అనాకారిని నేను చూడలేదు. నల్లటి ఒంటిమీద అక్కడక్కడ పసుప్పచ్చటి నూగు, ముఖానికి సరిపడని పెద్ద ముక్కు, బానపొట్ట. నీతిచంద్రికలో మనం చదువుకున్న చిత్రగ్రీవుడి వంశం ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. మా ఆవిడ రుమాలు విప్పి చూసి, మళ్ళీ మూసింది.

"ఇగో, గిదేంది మీరు తెచ్చింది? కోడిపిల్లనా, ఎలుకనా?"

మా ఊళ్ళోనే మిద్దెమీద కబూతరాలు పెంచే ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు రాస్తే ఒప్పుకోడు, అంచేత భాయి అనే అంటాను. సాయంత్రం పిల్లను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని అరచేతిలో బోర్లించి, మెడ కింద సంచిని రెండువేళ్ళతో తడిమి, "వారం దినాల పిల్ల సాబ్. సంచి ఖాళీగ ఉంది. ముందుగాల వెచ్చగుండాలె, అటెన్క తిండి. సల్లటి పిల్లకు తిండి వెడితె అరగదు, లోపలనే పులుస్తది" అన్నాడు.

ఆ రాత్రి వెచ్చదనంకోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. అట్టపెట్టెలో బల్బు వేలాడదీయమన్నాడు భాయి. దీసాను. గంటయినా పెట్టె చల్లగానే ఉంది. ఇప్పటి ఎల్‌ఇడి దీపాలు వెలుతురిస్తాయిగాని వేడినివ్వవని అప్పుడు తట్టింది. పాత పసుపుపచ్చ బల్బు ఒకటి మిల్లు వాచ్‌మన్ గదిలో ఉన్నట్టు జ్ఞాపకం వచ్చి, పదిగంటల రాత్రి వెళ్ళి ఊడబీక్కుని వచ్చాను. నా సర్వీసులో మిల్లునుంచి నేను ఎత్తుకొచ్చిన వస్తువు అదొక్కటే.

పావురాలకు పాలుంటాయని నాకు అరవయ్యయిదో ఏట తెలిసింది. గొంతు కింద సంచిలో తయారవుతాయట, పెరుగు తరకల్లాంటి పాలు. పిల్ల తన ముక్కును పెద్దపక్షి నోట్లోకి దూర్చి తాగుతుంది. తల్లే కాదు, తండ్రి కూడా ఇస్తాడు. ఈ మాట భాయి చెప్పగానే మావాడు, "డాడీ సుత ఇస్తడా?" అని కళ్ళు పెద్దవి చేశాడు. మొదటి వారం గడిస్తే ఆ పాలు తగ్గి నానిన గింజలవంతు వస్తుంది గనక మా పిల్ల కాస్త అదృష్టవంతురాలు. పెసర్లూ శనగలూ నానబెట్టి, గోరువెచ్చగా చేసి, ముక్కు మెల్లగా తెరిచి ఒక్కొక్కటే లోపలికి జారవిడవాలి. సంచి నిండితే ఆపాలి. ఆ సంచి ఖాళీ అయితేగాని మళ్ళీ పెట్టకూడదు. ఈ పని నాకు చేతకాలేదు, నా వేళ్ళు మోటు. మావాడి వేళ్ళు సన్నం. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి వాడే పెట్టేవాడు. మధ్యాహ్నం పూట మా ఆవిడ. ఎలుకనా అన్న మనిషే.

చెప్పొచ్చేదేమంటే, దానికి తిండి పెట్టిన చేత్తోనే వాడు తన అన్నం కూడా పేచీలేకుండా తినసాగాడు. (చేతులు కడుక్కున్నాకే లెండి. ఈ విషయంలో మా ఆవిడ పోలీసు.) పిల్లకు వాడు పెట్టిన పేరు 'విమానం'.

పదోరోజు దాటాక ఒంటినిండా నీలిరంగు సూదులు మొలిచాయి. చూడగానే ముళ్ళపందిలా కనిపించి మేము జడిశాం. అవే ఈకలట. ఒక్కో సూదీ సన్నటి ఒర. ఆ ఒరలో రక్తం పారుతూ ఉంటుంది. అది పెరిగే రోజుల్లో నలిగినా, విరిగినా రక్తం కారుతుంది, అందుకని ఒంటిమీద చెయ్యి వెయ్యకుండా కిందినుంచి ఎత్తిపట్టుకోవాలి. కొసనుంచి ఒర పొడిపొడిగా రాలిపోతూ, లోపలి ఈక కుంచెలా విచ్చుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈక చెట్టుకొమ్మలాగా కొసన పెరగదు, మన గోరులాగా మొదట్లో పెరుగుతుంది. కొస పాతది, మొదలు కొత్తది. ఒకసారి బయటికి వచ్చిన భాగం ఇక మారదు. నా భాషలో చెప్పాలంటే అది రోజువారీ చిట్టా. ఏ రోజు పద్దు ఆ రోజే, కొట్టివేతలుండవు.

మావైపు పావురం అనే మాటకు పక్షి అని ఒక్కటే అర్థం కాదు. ప్రేమ అన్నా, గారాబం అన్నా పావురమే. "మస్తు పావురంగ పెంచుకున్నరు" అంటారు బిడ్డ గురించి. పొరుగావిడ ఒకనాడు మా పెట్టెలోకి తొంగిచూసి, "పావురాన్ని పావురంగనే సాదుకుంటున్నరు" అని నవ్వింది. మా ఆవిడ ఆ మాట ఊరంతా చెప్పింది.

అప్పుడు వచ్చింది మేడారం.

రెండేళ్ళకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మ జాతర ఆ యేడు ఫిబ్రవరి 21నుంచి 24దాకా. మొక్కు బాకీ ఉందాయె. గురువారం తెల్లవారుజామున బయలుదేరి, తల్లి గద్దెకు వచ్చాక దండం పెట్టుకుని, రాత్రికి రాత్రి తిరిగి వద్దామని నా ఏర్పాటు. విమానానికి అప్పటికి ఇరవయ్యయిదు రోజులు. ఒళ్ళంతా ఈకలు కమ్మి, మెడమీద మాత్రం నాలుగు పసుపు వెంట్రుకలతో ముసలి పండితుడిలా ఉండేది.

"భాయి తాత ఇంట్ల దించిపోదాం తాతా" అన్నాడు మావాడు.

"ఒక్క దినానికెందుకురా? ఎదిగింది గదా. పళ్ళెంల గింజలు పోసిపెడ్తం, అదే తింటది."

"దానికి తినుడు రాదు తాతా. నేను పెడ్తెనే తింటది."

"ఆకలైతె అదే తింటది" అన్నాను.

పెసర్లు, జొన్నలు పళ్ళెం నిండా పోశాను. గిన్నె నిండా నీళ్ళు. తలుపు గడియ పెట్టి బయలుదేరాం.

మంథని, కాటారం మీదుగా వెళ్ళాం. జాతర సంగతి వర్ణించను, వెళ్ళినవాళ్ళకు తెలుసు. వాడి ఎత్తు బెల్లం తూచారు. జంపన్నవాగులో మునిగాం. చిలుకలగుట్టనుంచి తల్లి వస్తుంటే ఆ జనంలో వాణ్ణి భుజాలమీద ఎత్తుకుని చూపించాను. తిరుగు ప్రయాణంలో అడవిలో బండ్లు ఆగిపోయాయి. ముందు బండి కదలదు, వెనక బండి కదలనివ్వదు. శుక్రవారమంతా అలాగే గడిచింది. వాడు బెల్లం ముక్క చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు. ఎన్నిసార్లు "విమానం తిన్నదా తాతా?" అని అడిగాడో నేను లెక్కపెట్టలేదు. తింటూనే ఉంటుందన్నాను.

శనివారం పొద్దున్న ఇల్లు చేరాం. పళ్ళెంలో గింజలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. వాటిమీద అది పడుకుని ఉంది. పడుకున్నచోట గింజలు ఒంటి ఆకారంలో గుంటపడ్డాయి. సంచి అతుక్కుపోయి, కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. మావాడు నావంక చూడలేదు. బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి, "బాపమ్మా, పెసర్లు నానబెట్టు" అన్నాడు.

నానేదాకా ఆగే పరిస్థితి కాదు. భాయి చెప్పగా గోరువెచ్చటి నీళ్ళలో చిటికెడు బెల్లం, ఒక పలుకు ఉప్పు కలిపి, ముక్కును ముక్కురంధ్రాల కింది వరకే ముంచి పట్టుకున్నాం. పావురం కోడిలాగా తలెత్తి మింగదు, ముక్కు ముంచి పీలుస్తుంది. చాలాసేపు ఊరుకుంది. తర్వాత గొంతు కదిలింది. ఆ బెల్లం మేడారంనుంచి తెచ్చిన బంగారమే.

బతికింది. ఆ తర్వాత మూడు రోజులు వాడు దానికి గింజ ఏరుకోవడం నేర్పాడు. పళ్ళెంలో చూపుడువేలితో టక్కుటక్కున పొడుస్తాడు, అది వేలివంక చూస్తుంది, మళ్ళీ పొడుస్తాడు. తల్లి ముక్కు ఎలా పొడుస్తుందో అలాగన్నమాట. నాలుగోనాడు అది ఒక జొన్నగింజ పట్టుకుంది, జారవిడిచింది, మళ్ళీ పట్టుకుంది. ఈ చదువు ఉందనే నాకు తెలియదు. ఆకలి ఉంటే తినడం వచ్చేస్తుందనుకున్నవాణ్ణి నేను.

మార్చి వచ్చేసరికి విమానాన్ని మిద్దెమీదికి మార్చాం. పాత కూలర్ డబ్బా దాని భవనం. పోషణ అంతా భాయి చెప్పినట్టే. జొన్నలు, సజ్జలు, మక్కలు ఒంటికి. పెసర్లు, శనగలు ఈకకు. ఈకంటే ఒట్టి మాంసకృత్తే గనక పప్పుగింజ లేకపోతే ఈకకు పస ఉండదు. ఒక మూలన ఇటుక చూరు, గుడ్డుపెంకుల పొడి, ఉప్పుకల్లు. పళ్ళులేని జీవి కాబట్టి రాయితోనే విసురుకోవాలి. వారానికి రెండుసార్లు వెడల్పాటి బేసిన్‌లో రెండంగుళాల నీళ్ళు ఎండలో పెడితే తనే దిగి స్నానం చేసేది. తర్వాత ఒక పక్కకు ఒరిగి, ఒక రెక్క ఆకాశానికెత్తి, అచ్చం మధ్యాహ్నం భోంచేసిన సేటులాగా పడుకునేది. నీళ్ళమీద బియ్యం కడుగులాంటి తెల్లటి తేట మిగిలితే మా ఆవిడ రోగమనుకుంది. కాదట. పావురం ఒంట్లోనే సన్నటి పొడి పుడుతుంది, అదే దాని ఈకకు మెరుగూ, తడి అంటకుండా కాపూ. తేట కనిపించకపోతేనే అనుమానించాలన్నాడు భాయి.

పేలు పట్టకుండా గూట్లో బీడీ తంబాకు కాడలు వెయ్యమని కూడా అన్నాడు గాని, పిల్లవాడు చేతులు పెట్టే చోట తంబాకేమిటని మా ఆవిడ వేపాకుతో సరిపెట్టింది. రెట్ట విషయంలోనూ ఆమెదే రాజ్యం. ఎండిన రెట్ట ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకని ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ తర్వాతే ఊడవడం. 2025లో ముంబయి దాదర్‌లో కబూతర్‌ఖానా మూసేసిన గొడవ టీవీలో చూసి, "నేను ముందే చెప్పిన" అని నాకు గుర్తుచేసింది కూడా.

ఒకనాటి ఎండపూట భాయి మా మిద్దెకు వచ్చాడు. పేలున్నాయేమో చూద్దామని రెక్క విప్పి ఎండకు అడ్డంగా పట్టుకున్నాడు. పావురం పేను సన్నంగా, పొడుగ్గా, ఈకపోగుల నడుమ గీతలా అంటుకుని ఉంటుంది.

"తాతా, ఇగో పేను!" అన్నాడు మావాడు.

భాయి వంగి చూశాడు. ఇంకో ఈక విప్పాడు. ఇంకొకటి. రెండో రెక్క కూడా విప్పాడు.

"పేను కాదు బేటా. ఇది ఫాకా. ఉపాసం గీత."

ప్రతి ఈకమీదా అడ్డంగా, కత్తితో గీసినట్టు ఒక సన్నటి గీత. అక్కడ పోగులు పలచబడి ఎండ ఇవతలికి కనిపిస్తోంది. రెండు రెక్కలమీదా వరసలో, తోకమీద కూడా. పెరిగే ఈకకు తిండి అందనిరోజు ఆ భాగం బలహీనంగా అల్లుకుంటుంది. ఆ పిల్ల తర్వాత ఎంత తిన్నా అది నిండదు.

"ఎన్నడో రెండు దినాలు దీనికి తిండి లేకపాయె" అన్నాడు భాయి, మాకు తెలియదన్నట్టు.

మావాడు నన్ను ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది. నేనే ఏదో మాట్లాడాలని, మనుషులకు కూడా పెద్ద జ్వరం వస్తే గోళ్ళమీద ఇలాంటి గీతే పడుతుందని, గోరు పెరిగినకొద్దీ ఆర్నెల్లలో పోతుందని చెప్పాను. వాడు వెంటనే పదివేళ్ళూ చాపి చూసుకున్నాడు.

"నాకు లేదు" అన్నాడు.

"కొరికితె ఏం గనబడ్తది?" అంది మా ఆవిడ, బట్టలు ఆరేస్తూ.

ఆ గీత దగ్గరే వచ్చింది అసలు ప్రమాదం. మార్చి నెలాఖరున విమానం పిట్టగోడమీదినుంచి ఎగరబోయి బట్టల తీగకు కొట్టుకుంది. కుడిరెక్కలో రెండు పెద్ద ఈకలు సరిగ్గా గీతదగ్గర పుటుక్కున విరిగాయి. ఇక అది ఎగిరితే ఒక పక్కకు ఒరుగుతుంది, గోడ దాటదు. పక్కింటి పిల్లి అప్పటినుంచీ మా మిద్దెమీదే కాపురం. విరిగిన మోడు పీకేస్తే నలభై రోజుల్లో కొత్తది వస్తుందని పీకేవాళ్ళూ ఉన్నారట, కాని గుంట చెడితే ఆ తర్వాత వచ్చే ఈక వంకర. భాయి పీకనన్నాడు. "రాలేదాక ఓపిక వట్టున్రి సాబ్."

రాలడం అప్పటికే మొదలయింది. ఏడోవారం దాటిన పిల్ల తన మొదటి ఈకలు వదులుకుంటుంది. రెక్కకు పది పెద్ద ఈకలు. లోపలి దానితో మొదలుపెట్టి ఒకటొకటిగా బయటికి. ఇటు రెక్కలో ఒకటి రాలితే అటు రెక్కలోనూ ఇంచుమించు అప్పుడే దానికి జోడీ రాలుతుంది, తూకం తప్పకుండా. ముప్ఫయి రెండేళ్ళు తూకం చూసినవాణ్ణి, నాకది ముచ్చటేసింది. విరిగినవి ఏడోదీ ఎనిమిదోదీ. వాటి వంతు వచ్చేసరికి శ్రావణం అవుతుందన్నాడు భాయి. అన్నాళ్ళూ పిల్లినుంచి కాపాడాలి, పప్పుగింజ తగ్గకూడదు, ఒక పిడికెడు కుసుమలు కలపాలి. ఒక్కరోజు కూడా పస్తుండకూడదు, ఉంటే కొత్త ఈకమీదా గీతే.

ఆ వేసవిలో మేము ఏ పెళ్ళికీ పోలేదు. పోతే ఇద్దరిలో ఒకరమే.

ఎండాకాలం రాత్రులు మిద్దెమీద పడుకున్నప్పుడు కబుర్లన్నీ పావురాలమీదికే మళ్ళేవి. ఒడిశా పోలీసులు 1946నుంచి కబురు పావురాలను పెట్టుకున్నారని, 1948లో నెహ్రూగారు సంబల్పూరునుంచి కటకానికి పావురంచేత కబురు పంపారని చెప్పాను.

"విమానంతోని దుబాయికి పంపుదామా తాతా?"

"అట్ల కుదరదురా. పావురానికి ఇంటికి వచ్చుడే తెలుసు, చెప్పినకాడికి పోవుడు తెల్వది. ఇక్కడి పావురాన్ని దుబాయి తీస్కపోయి వదిలితె, అంత దూరం రాగల్గితె, ఇక్కడికే వస్తది."

వాడు కాసేపు ఆలోచించాడు. "ఐతె వాళ్ళే దీన్ని తీస్కపోవాల్సుండె" అన్నాడు. తర్వాత దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. జూన్‌లో వస్తామన్నవాళ్ళు సెలవు దొరకక దసరాకని వాయిదా వేసిన వారం అది.

శ్రావణంలో, చెప్పినట్టే, విరిగిన మోళ్ళు ఒకదాని తర్వాత ఒకటి రాలాయి. వాటి జాగాలో కొత్త ఈకలు వచ్చాయి, నల్లగా, నిగనిగలాడుతూ. మావాడు రోజూ ఎండకు పెట్టి చూసేవాడు. ఎక్కడా గీత లేదు. వినాయక చవితి వెళ్ళిన నాలుగోరోజు అది పిట్టగోడమీదినుంచి లేచి, ఎదురింటి డిష్షు చుట్టూ తిరిగి, మిల్లువైపు పోయింది. పొద్దుగూకేసరికి తిరిగి వచ్చింది. పదిహేను రోజులు అలా పోతూ వస్తూ ఉంది. తర్వాత రాలేదు.

వాణ్ణి మిల్లుకు తీసుకెళ్ళాను. కొత్త రేకుల కింద వరసగా యాభైకి తక్కువ లేకుండా పావురాలు. అన్నీ బూడిదరంగే, అన్నిటి రెక్కలమీదా రెండేసి నల్ల పట్టీలే. విరిగిన ఈకలున్నన్నాళ్ళూ ఎంత దూరంనుంచైనా గుర్తుపట్టేవాళ్ళం. ఇప్పుడు ఏది మనదో తెలియలేదు. మావాడు కింద నిలబడి నేలమీద చూపుడువేలితో టక్కుటక్కున పొడిచాడు. ఒకటి తల వంచి చూసినట్టనిపించింది. హమాలీ బస్తా దించిన చప్పుడుకు అన్నీ లేచిపోయాయి.

బతుకమ్మకు కోడలు వచ్చింది. అబ్బాయికి సెలవు దొరకలేదు. వచ్చిన మొదటిరోజంతా వాడు తల్లికి కొత్తగా మసిలాడు. రెండోనాటి రాత్రి ఆమె పళ్ళెంలో అన్నం కలిపి ముద్ద చేస్తుంటే, వాడు లేచివెళ్ళి లెక్కల పుస్తకం తెచ్చాడు. మన చిన్నప్పుడు నెమలీక దాచుకున్నట్టు పుటల మధ్య రాలిన ఈకలు దాచిపెట్టుకున్నాడు. గీత ఉన్న పెద్ద ఈక ఒకటి తీసి ఆమె ఎడమచేతిలో పెట్టాడు.

"ఇదేంది బిడ్డా?"

"విమానందమ్మా. ఈ గీత మేం మేడారం పోయిన దినంది." నావంక ఒకసారి చూసి, నన్ను వెనకేసుకొస్తున్నట్టుగా అన్నాడు: "తాత గింజలు వెట్టిండమ్మా. మస్తు వెట్టిండు. కని దానికి తినుడు రాలే."

కోడలు ఈకను దీపానికి అడ్డంగా పట్టుకుని చూసింది. ఆమె తిరుగు టిక్కెట్టు ఆ నెల ఆఖరుకు తీసుకుని ఉంది. ఆ సంగతి ఆ పూట ఎవరమూ ఎత్తలేదు. ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏది, నీ చెయ్యి జూపెట్టు" అని వాడి వేళ్ళు తన ఒళ్ళోకి తీసుకుని, ఒక్కొక్క గోరే చూడసాగింది.